చదువు రాని బిడ్డకు చీనా అక్షరములు

అన్నదమ్ములిద్దరు ఒకే బడికి పోవుదురు. పెద్దవాడు పలక పట్టిన ఆరు మాసములకే అక్షరములన్నియు దిద్ది, మరుసటి యేటికి వాచకము గడగడ చదువును. చిన్నవాడు రెండేండ్లు గడచినను ‘ప’కును ‘వ’కును భేదము తెలియక, పుస్తకమును చూచి బెదరును. వానికి తెలివి లేదందుమా, రాత్రి విన్న కథను మరునాడు ఒక్క ముక్కయు విడువక తిరిగి చెప్పును. గిన్నెలమీద చెక్కిన పేర్లు చదువలేకున్నను, ఏ గిన్నె అమ్మమ్మ పెట్టినదో, ఏ పళ్లెము తనదో చూచినంతనే గుర్తించి తెచ్చును. అయినను బడిలో వానికి దొరకిన పేరు ‘మొద్దు’. ఇంటికి వచ్చిన చుట్టములు ప్రశ్నించునది తల్లిని. “పెద్దవానికి వచ్చిన చదువు వీనికేల రాలేదమ్మా?” అని యడిగిన, ఆమె యేమి చెప్పగలదు?

ఇంకొక యింట బిడ్డకు మాటయే రాదు. కన్నులు అన్నిటిని గ్రహించుచుండును. నోరును చేతులును స్వాధీనమున నుండవు. ఆకలియో, నొప్పియో, విసుగో తల్లి ముఖము చూచి యూహింపవలసినదే. ఆ యూహ తప్పిన దినమున తల్లికిని ఏడుపే, బిడ్డకును ఏడుపే.

ఇట్టి బిడ్డలకు చీనా, జపాను దేశముల అక్షరములు నేర్పినచో చదువు వచ్చుననియు, బుద్ధి వికసించుననియు ఒక మాట చాలకాలముగా లోకమున వ్యాపించి యున్నది. అది వినిన తల్లికి ఆశ కలుగుట సహజము. ఆశ మంచిదే, కాని యది నిజము మీద నిలువవలెను. కావున ఆ మాట యెట్లు పుట్టినది, అందు నిజమెంత, మన యింటి బిడ్డకు దానివలన కలుగు మేలేమి యను మూడు సంగతులను ఈ వ్యాసమున విచారింతుము.

చెట్టు, తోపు, అడవి

ముందుగా చీనా లిపి స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. మన అక్షరము పలుకును తెలుపును. ‘క’ యన్నచో అది యొక శబ్దము. దానికి వేరుగా అర్థము లేదు. చీనా అక్షరము అట్లు కాదు. అది యొక మాటను, ఒక అర్థమును తెలుపును. ఒక నిలువు గీత, దానికి అడ్డముగా నొక గీత, ఇరుప్రక్కలకు వ్రాలిన రెండు కొమ్మలు; ఇది ‘చెట్టు’. అట్టివి రెండు ప్రక్కప్రక్కన వ్రాసిన ‘తోపు’. మూడు వ్రాసిన ‘అడవి’. చెట్టు ప్రక్కన మనిషిని నిలిపినచో ‘విశ్రాంతి’. సూర్యుని ప్రక్క చంద్రుని వ్రాసిన ‘వెలుగు’. స్త్రీయు బిడ్డయు కలసి యున్న ‘మంచి’. ఇంటికప్పు క్రింద స్త్రీ యున్నచో ‘నెమ్మది’.

అక్షరములన్నియు ఇట్లే బొమ్మలని తలపరాదు. నూటికి ఎనుబదికి పైగా ఒక భాగము అర్థమును, మరియొక భాగము పలుకును సూచించు జంటలు. వేలకొలది అక్షరములను కంఠస్థము చేయుట చీనా బిడ్డలకు సైతము ఏండ్ల తరబడి శ్రమయే. జపానువారు ఈ అక్షరములనే తెచ్చుకొని ‘కాంజీ’ యని పిలుచుచున్నారు. వీనితోపాటు పలుకును మాత్రమే తెలుపు ‘కానా’ యను అక్షరములను గూడ వాడుదురు. జపాను ప్రాథమిక పాఠశాలలలో మొదటి యేట 80, ఆరేండ్లలో మొత్తము 1,026 కాంజీలు నేర్పవలెనని 2020 నుండి నియమమున్నది.

ఫిలడెల్ఫియా పిల్లలు

1971లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ రోజిన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, సూసన్ పోరిట్స్కీ, రైనా సాట్స్కీ యను ఇరువురితో కలసి, ఒక చిన్న పరీక్ష గావించి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించెను. ఫిలడెల్ఫియా నగరములో పేదవారు నివసించు పేటల బడులలో రెండవ తరగతి చదువుచు, ఇంగ్లీషు చదువుట యేమాత్రము పట్టుబడని యెనమండుగురు పిల్లలను వారు తీసికొనిరి. వారికి 30 చీనా అక్షరములను నేర్పిరి. పిల్లలు చీనా భాషను నేర్చుకొనలేదు; అక్షరమును చూచి దాని అర్థమును ఇంగ్లీషులో పలుకుటయే వారి పని. రెండున్నర గంటలు మొదలు ఐదున్నర గంటల బోధనతో ఆ పిల్లలు ఆ అక్షరములతో కూర్చిన వాక్యములను చదివి అర్థము చేసికొనగలిగిరి. ఏండ్ల తరబడి బడిలో రానిది కొన్ని గంటలలో వచ్చినది.

దీనికి కారణమేమి? మాటను ముక్కలు చేసి, అందలి యొక్కొక్క ధ్వనికి నొక్కొక్క గుర్తు పెట్టుట ఇంగ్లీషు పద్ధతి. ‘క్యాట్’ అను మాట మనకు ఒక్క పలుకుగా వినబడును. అందు మూడు ధ్వనులున్నవని పసివాడు చెవితో వేరుచేసికొనవలెను. ఈ విడదీయుట కొందరు బిడ్డలకు మిక్కిలి కష్టము. చీనా అక్షరము ఆ విడదీయుటను కోరదు; మాట మొత్తమునకు ఒకే గుర్తు. పైగా ఆ గుర్తు పిల్లలకు క్రొత్తది. ‘ఇది నాకు రాదు’ అను భయము దానికింకను అంటుకొనలేదు. రోజిన్ ఈ రెండు కారణములను చెప్పి, చదువు మొదలుపెట్టునపుడు ధ్వనికంటె పెద్దదైన యొక పలుకు, అనగా ఒక్క ఊపిరిలో వచ్చు ‘సిలబుల్’ అను భాగము, నడిమి మెట్టుగా ఉపయోగపడవచ్చునని సూచించెను. ఈ నడిమి మెట్టును పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొందురుగాక; మన తెలుగునకు దీనితో సంబంధము కలదు.

ఈ పరీక్ష నుండి నేర్వదగినది ముఖ్యముగా నొకటే. ఆ పిల్లలు మొద్దులు కారు. గుర్తును చూచి మాటను జ్ఞప్తికి తెచ్చుకొనుటకు, వాక్యమును గ్రహించుటకు వలసిన తెలివి వారికి పుష్కలముగా నుండెను. చిక్కు ఒక్కచోటనే యున్నది. ఆ చోటును చూడక బిడ్డనంతటిని నిందించుట మన తప్పు.

అయినను 30 మాటలు చదువుట చదువు వచ్చుట కాదు. అక్షరములు వచ్చిన బిడ్డ ఎన్నడు చూడని మాటను గూడ కూడబలుకుకొని చదువగలడు. గుర్తులు నేర్చిన బిడ్డ నేర్చిన వానినే చదువగలడు. ముప్పది మున్నూరైన, మున్నూరు మూడువేలైన, జ్ఞాపకముపై పడు బరువు ఎంతయో యోచింపుడు. అందువలననే ఫిలడెల్ఫియా పరీక్ష దారి చూపిన దీపమే గాని, బిడ్డను గమ్యము చేర్చిన బండి కాదు.

పావురము, పక్షి, తొమ్మిది

జపానులో ఇసావో ఇషీ (1919–2004) అను ఉపాధ్యాయుడుండెను. పసిపిల్లలకు ముందుగా సులభమైన కానా నేర్పి, కాంజీని తరువాతికి నిలుపుట అక్కడి యాచారము. ఆయన దానిని తలక్రిందులు చేసెను. పసివారికి కాంజీయే సులభమని వాదించి, శిశువిహారములలో దానిని ప్రవేశపెట్టించెను. ఆయన చూపు ఉదాహరణము చక్కనిది. ‘తొమ్మిది’ యను అక్షరమునకు రెండే గీతలు, ‘పక్షి’కి పదునొకండు, ‘పావురము’నకు పదుమూడు. పావురము అక్షరములో తొమ్మిదియు పక్షియు రెండును ఇమిడి యున్నవి. పెద్దవారము మనము రెండు గీతల తొమ్మిదియే సులభ మనుకొందుము. పసివాడు ముందుగా గుర్తుంచుకొనునది పావురమును, తరువాత పక్షిని, కట్టకడపట తొమ్మిదిని అని ఇషీ చెప్పెను. పావురమును బిడ్డ చూచియున్నాడు, దాని వెంట పరుగెత్తియున్నాడు. తొమ్మిదిని ఎవ్వరు చూచిరి?

1978వ సంవత్సర ప్రాంతమున డానీ స్టైన్‌బర్గ్, యమాడా అను పరిశోధకులు మూడు నాలుగేండ్ల జపాను బిడ్డలకు నేర్పి చూచి, అర్థము గల కాంజీ మాటలు అర్థము లేని ఒంటి కానా అక్షరములకంటె త్వరగా వచ్చుచున్నవని కనుగొనిరి. గీతల సంఖ్య కాదు, అర్థమే పసివానికి పట్టుకొమ్మ యని దీనివలన తేలినది.

ఇషీయు ఆయన అనుయాయులును ఇంతటితో ఆగక, కాంజీ నేర్చిన పిల్లలకు తెలివితేటలే పెరుగునని గూడ చెప్పిరి. ఇచ్చట మనము కొంచెము నిలిచి చూడవలెను. శ్రద్ధగల యుపాధ్యాయుడు దినదినము బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆటగా నేర్పి, వచ్చినదానికి మెచ్చుకొన్నచో ఆ బిడ్డ ఏ విద్యలోనైనను వికసించును. ఆ వికాసములో అక్షరము వంతు ఎంత, ఆదరము వంతు ఎంత యని వేరుచేయకయే ఫలమంతయు అక్షరమునకే కట్టబెట్టుట న్యాయము కాదు.

జపానులో చదువురాని వారు లేరా?

1968లో జపాను వైద్యుడు కియోషి మాకిటా, తమ దేశమున చదువుట యందు చిక్కుగల బిడ్డలు నూటికొక్కరైనను లేరని వ్రాసెను. ఉపాధ్యాయులకు ప్రశ్నపత్రములు పంపి తెప్పించుకొన్న లెక్క అది. ఈ మాట పాశ్చాత్య దేశములలో గొప్పగా వ్యాపించి, చీనా జపాను లిపులలో ఏదియో మహిమ యున్నదను నమ్మకమునకు మూలమైనది.

తరువాతి పరిశోధనలు ఆ నమ్మకమును నిలువనీయలేదు. 1982లో హెరాల్డ్ స్టీవెన్సన్ మొదలగువారు అమెరికా, జపాను, తైవాను దేశముల బిడ్డలను ఒకే తీరు పరీక్షలతో పరిశీలించి, చదువు చిక్కుగల పిల్లలు మూడు దేశములందును గలరని చూపిరి. 2009లో జపాను పరిశోధకుడు అకిరా ఊనో మొదలగువారు ప్రకటించిన లెక్క మరింత స్పష్టము. అక్కడి ప్రాథమిక పాఠశాల బిడ్డలలో హిరగానా చదువుటలో వెనుకబడినవారు నూటికి 0.2 మంది మాత్రమే, కటకానాలో 1.4, కాంజీలో 6.9. ఏ కాంజీ ఔషధమని మనము వినుచుంటిమో, ఆ కాంజీయే జపాను బిడ్డలలో నెక్కువమందికి కష్టము. పలుకునకు ఒక గుర్తు చొప్పున నుండు హిరగానా వారికి సులభము.

1999లో ప్రకటితమైన యొక విచిత్ర వృత్తాంతమును గూడ చెప్పవలెను. ఇంగ్లీషు మాటలాడు తలిదండ్రులకు జపానులో పుట్టి పెరిగిన పదునారేండ్ల బాలుడొకడు జపాను భాషను పెద్ద చదువుల విద్యార్థులతో సమానముగా చదువుచుండెను. ఇంటి భాషయైన ఇంగ్లీషు చదువుటలో మాత్రము తన జపాను సహాధ్యాయుల కంటెను వెనుకబడెను. అమెరికాలో పుట్టియున్నచో ఇతడు బడికి మొద్దు. జపానులో పుట్టినందున తెలివైన విద్యార్థి. బాలుడొక్కడే, మెదడొక్కటే!

2004లో హాంకాంగు పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో మరియొక సంగతిని వెల్లడించిరి. చీనా లిపి చదువలేని బిడ్డల మెదడులో మందముగా పనిచేయు భాగము, ఇంగ్లీషు చదువలేని వారిలో మందముగా పనిచేయు భాగము ఒకటి కాదు. అనగా లిపి మారినచో చిక్కు మారును. చిక్కులేని లిపి లోకమున లేదు. ఒక బిడ్డకు మూసియున్న తలుపు ఇంకొక బిడ్డకు తెరచియుండును. అందరికిని తెరచియుండు తలుపు ఏ దేశమువారును కట్టలేదు.

అంగడి పలకలనుండి పుట్టిన మాట

ఇంతవరకు చదువురాని బిడ్డల సంగతి చెప్పితిమి. మాటయే రాని బిడ్డలకు చీనా లిపి వలన కలిగిన మేలు ఇంతకంటె గొప్పది. అది వచ్చిన దారి కథవలె నుండును.

1897లో ఆస్ట్రియా హంగరీ రాజ్యమునందలి చెర్నోవిట్జ్ నగరములో కార్ల్ బ్లిట్జ్ అను యూదుడు పుట్టెను. ఆ యూరిలో అనేక జాతులవారు, అనేక భాషలవారు ఒకరినొకరు ద్వేషించుచుండిరి. భాషలు వేరగుటవలననే ఈ వైరమని బాల్యముననే ఆయన మనస్సున నాటుకొనెను. రసాయన శాస్త్రము చదివి వియన్నాలో ఉద్యోగియయ్యెను. 1938లో నాజీలు ఆయనను డాఖౌ, బుకెన్వాల్డ్ నిర్బంధ శిబిరములలో నుంచిరి. భార్య క్లేర్ విడువక ప్రయత్నింపగా 1939లో విడుదలై ఇంగ్లండు చేరెను. అక్కడ ‘బ్లిట్జ్’ అన్న బాంబుల వర్షము. కావున తన పేరును ‘బ్లిస్’, అనగా ‘ఆనందము’ అని మార్చుకొనెను. దంపతులు తుదకు చీనా దేశమునందలి షాంఘై చేరిరి. జపాను సైన్యము అచ్చటి యూదులను ఒక పేటలో నిర్బంధించినపుడు, జర్మను క్రైస్తవురాలైన క్లేర్ భర్తను విడిచినచో స్వేచ్ఛగా నుండగలిగియు, అట్లు చేయక ఆయనతోడనే ఆ పేటలో నుండెను.

షాంఘైలో బ్లిస్ చీనా అక్షరములను నేర్వసాగెను. ఒకనాడు అంగడి పలకలను చదువుచు, తాను చీనా భాషలో గాక తన మాతృభాషలోనే చదువుచుంటినని ఆయనకు తోచెను! ఒక ప్రాంతపు చీనావాని మాట వేరొక ప్రాంతపువానికి తెలియదు. అయినను ఇరువురును ఒకే పత్రికను చదువగలరు. ఇట్టి లిపి లోకమునకంతటికిని ఉన్నచో జాతులమధ్య అపార్థములు తొలగునని యెంచి, చీనా అక్షరములకంటె సులభమైన గుర్తులను కల్పించెను. హృదయపు బొమ్మ ప్రక్కన పైకి చూచు బాణమున్నచో ‘సంతోషము’. క్రిందికి చూచినచో ‘దుఃఖము’. 1946లో ఆస్ట్రేలియా చేరి, పగలు కర్మాగారములో కూలిపని, రాత్రి గ్రంథరచన సాగించి, 1949లో తన గ్రంథమును ప్రకటించెను. క్లేర్ విశ్వవిద్యాలయములకు, పండితులకు వేలకొలది ఉత్తరములు వ్రాసెను. ఎవ్వరును లెక్కచేయలేదు. ఆమె 1961లో గతించెను. ఆ గ్రంథము ఇరువదేండ్లకు పైగా మూలబడి యుండెను.

1971లో కెనడా దేశపు టొరాంటో నగరములో, అంగవైకల్యము గల బాలబాలికల కేంద్రమున షర్లీ మెక్‌నాటన్ అను ఉపాధ్యాయినియు ఆమె సహచరులును ఒక చిక్కునకు పరిష్కారము వెదకుచుండిరి. వారియొద్దనున్న పిల్లలు సెరిబ్రల్ పాల్సీ యను వ్యాధివలన నోటిని, చేతులను త్రిప్పుకొనలేని వారు. అన్నము, నీళ్లు, మంచము మొదలగు వస్తువుల బొమ్మలున్న పలకను చూపి వారితో మాటలాడించుచుండిరి. కాని బొమ్మతో వస్తువును అడుగవచ్చును గాని మనస్సును చెప్పుట యెట్లు? ‘భయము’నకు బొమ్మ యేది? ‘నిన్న’కు బొమ్మ యేది? ‘ఎందుకు?’ అనుటకు బొమ్మ యేది? అట్టి సమయమున బ్లిస్ గుర్తులు వారి కంటబడినవి.

గుర్తులను చక్రాల కుర్చీ పలకపై వరుసగా నుంచి, ఒక్కొక్క గుర్తుతోపాటు ఇంగ్లీషు మాటను వ్రాసిరి. బిడ్డ వ్రేలితోనో, పిడికిలితోనో, అదియు చేతకానిచో కంటిచూపుతోనో గుర్తును చూపును. ఎదుటివారు మాటను చదువుకొందురు. రెండు మూడు గుర్తులను కూర్చి, పలకపై లేని క్రొత్త మాటను బిడ్డయే కల్పించుకొనవచ్చును. చెట్టు ప్రక్కన చెట్టు నుంచి తోపును కల్పించిన చీనావారి యుపాయమే యిది! ఏమియు తెలియదని లోక మనుకొన్న బిడ్డలు ప్రశ్నలడుగసాగిరి, హాస్యమాడసాగిరి, కోపమును చెప్పుకొనసాగిరి. లోపలి మనిషి బయటకు వచ్చెను.

మరుసటి యేట బ్లిస్ టొరాంటో వచ్చి, తన గుర్తులతో మాటలాడు పిల్లలను చూచి పరమానందభరితుడయ్యెను. ఆ యానందము నిలువలేదు. తన లిపి లోకమునకంతటికి భాష కావలెనని ఆయన కోరిక. బిడ్డ ఈ మెట్టు ఎక్కి ఇంగ్లీషు చదువునకు చేరుకొనిన చాలునని ఉపాధ్యాయినుల కోరిక. తాము గుర్తులను బిడ్డల యవసరమునకు తగినట్లు మార్చుకొనగా ఆయన సహింపక న్యాయస్థానమునకెక్కెను; ఏండ్ల తగవు పిమ్మట ఒప్పందము కుదిరెను. ఆయన 1985లో మరణించెను. లోకమును మార్చవలెనని పుట్టిన లిపి లోకమును మార్చలేదు గాని, అనేక దేశములలో మాటరాని బిడ్డలకు మాటయైనది. అట్టి బిడ్డకు పట్టుదల గల సిద్ధాంతకర్త కంటె, తన యవసరమును చూచి సిద్ధాంతమును సడలించు గురువే మేలని ఈ కథ మనకు తెలుపుచున్నది.

“గుర్తులు చూపుట అలవాటైనచో బిడ్డ మాటలాడుట మానివేయునేమో” యని పెద్దలు శంకింతురు. 2006లో ముగ్గురు పరిశోధకులు అదివరకటి అధ్యయనములను సమీక్షించి, నమ్మదగిన సాక్ష్యమున్న 27 మంది విషయమున ఒక్కరికైనను మాట తగ్గలేదనియు, అత్యధికులకు కొంతయో గొప్పయో పెరిగినదనియు చెప్పిరి. కావున ఈ శంక విడువదగినది.

మన తెలుగు బిడ్డకు

మరి మన పిల్లలకు చీనా అక్షరములు నేర్పవలెనా? అక్కరలేదని మా యభిప్రాయము. ఇంటిలో ఎవ్వరికిని రాని లిపి నేర్చి బిడ్డ ఎవరితో మాటలాడును? వినోదముగా పది నేర్పిన తప్పులేదు. నేర్వవలసినది ఆ లిపిని గాదు, అది చూపిన ఉపాయమును.

రోజిన్ కోరిన నడిమి మెట్టు మనకు పుట్టుకతోనే యున్నది. తెలుగు అక్షరము ఒక్కొక్కటి ఒక పూర్తి పలుకు. ‘అమ్మ’ యన్న మాటకు రెండే యక్షరములు. చెవికి వినబడు రెండు పలుకులే అవి. ఇది మన భాగ్యము. అయితే ఈ భాగ్యమునకు ఒక మూల్యమున్నది. వర్ణమాలపై గుణింతములు, గుణింతములపై వత్తులు. గుర్తుపట్టవలసిన యాకారములు వందలకొలది. మన లిపికి సోదరి యగు కన్నడ లిపి విషయమున సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, ఇట్టి లిపులను బిడ్డలు పూర్తిగా వశపరచుకొనుటకు నాలుగైదు తరగతుల కాలము పట్టునని చూపినది. కావున ఐదేండ్ల బిడ్డకు గుణింతములు రాలేదని గుండెలు బాదుకొన నక్కరలేదు.

ఇట్టి బిడ్డగల తల్లులకు ఈ క్రింది మాటలను మనవి చేయుచున్నాము.

మొదటిది, బిడ్డను నిందింపక ముందు వాని కన్నులను, చెవులను వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను. సరిగా కనబడక, వినబడక చదువు రానివారు గలరు.

రెండవది, అర్థము లేని యక్షరముతో గాక అర్థము గల మాటతో మొదలుపెట్టవలెను. బిడ్డ పేరు, ‘అమ్మ’, ‘పాలు’, ‘తలుపు’ అను మాటలను పెద్ద యక్షరములతో అట్టముక్కలపై వ్రాసి ఆ వస్తువులకే అంటింపుడు. అవి కంటికి అలవాటైన పిమ్మట ‘పాలు’, ‘పాప’, ‘పాట’ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి, మూడింటను మొదట నున్న దేమని యడుగుడు. బిడ్డ తానుగా ‘పా’ యనును. పావురము నుండి పక్షికి, పక్షి నుండి తొమ్మిదికి దిగిన దారి ఇదియే. ఆ తరువాత అక్షరములను నేర్పుట మానరాదు. క్రొత్త మాటను చదువు శక్తి వానివలననే వచ్చును.

మూడవది, మాటరాని బిడ్డకు గుర్తుల పలక నేర్పునపుడు ‘అన్నము’, ‘నీళ్లు’ అను వానితో తృప్తిపడరాదు. ‘నొప్పి’, ‘భయము’, ‘ఇంక చాలు’, ‘వద్దు’ అను గుర్తులను తప్పక చేర్పవలెను. ‘వద్దు’ అని చెప్పుకొను హక్కు లేని బిడ్డకు ఏడ్చుటయు, విసరివేయుటయు తప్ప వేరు దారి లేదు.

నాల్గవది, ఒక్క పుస్తకముతో, ఒక్క పద్ధతితో నలువది దినములలో బాగుచేసెదమని సొమ్మడుగువారిని నమ్మరాదు. ఆటిజము, డిస్లెక్సియా మొదలగునవి జ్వరమువలె దిగిపోవునవి కావు. బిడ్డ స్వభావముతో కలసియుండునవి. తగిన బోధనతో బిడ్డ ముందుకు పోవును. అది నెమ్మదిగా జరుగు పని. ఆలస్యము చేయక తెలిసినవారికి చూపవలెను. బుద్ధి వికాసములో వెనుకబడిన వారికొరకు 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ మన సికింద్రాబాదులోనే యున్నది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, చదువుటలో ప్రత్యేకమైన చిక్కులను గూడ లెక్కలోనికి తీసికొన్నది. ఇది దయాధర్మము గాదు, బిడ్డకు రావలసిన హక్కు. అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

సోదరీమణులారా! చీనా అక్షరమునకు మహిమ లేదు. ఒక ఉపాధ్యాయుడు, ఒక ఉపాధ్యాయిని, ఈ బిడ్డకు ఈ దారి రానిచో వేరొక దారి గలదేమో యని వెదకిరి. ఆ వెదకుటయందే మహిమ యున్నది. ఈ రాత్రి పాఠము వేళకు పలకయు బెత్తమును ప్రక్కన పెట్టి, నాలుగు అట్టముక్కలు తీసికొని ఆ చిన్నవాని ప్రక్కన కూర్చుండుడు. మొదటి ముక్కపై వాని పేరు వ్రాయుడు. ‘మొద్దు’ అను పేరు గాదు. మీరు నామకరణము నాడు వాని చెవిలో చెప్పిన పేరు.